మావయ్య గిటారు పెట్టె: పాత వాల్వు ఆంప్లిఫయర్ బాగుచేసిన నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా మావయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద సామాను దించే పని నా మీద పడింది. ఇత్తడి గంగాళాలు, విరిగిన ఉయ్యాల బల్ల, ట్రంకు పెట్టెలు అన్నీ దించాక, చివర్న గోడవారగా ఆకుపచ్చ రెక్సిన్ అంటించిన ఒక టేకు పెట్టె కనపడింది. ఇద్దరం పడితే గానీ కిందికి రాలేదు. వాలుకుర్చీలో కూర్చున్న మావయ్య ఒక్కసారిగా ముందుకు వంగి, "మెల్లగా రా, అది నా గిటారు పెట్టె" అన్నాడు. పెట్టె అంటే గిటారు ధ్వనిని పెంచి వినిపించే ఆంప్లిఫయర్. ఆయనకిప్పుడు 81 ఏళ్ళు.

1960ల్లో ఆయన బెజవాడలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా ప్రోగ్రాములు, పెళ్ళిళ్ళు. విదేశీ ఆంప్లిఫయర్ కొనే స్తోమత వాళ్ళెవరికీ లేదు. అందుకని వన్‌టౌన్‌లో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర కూర్చుని, తనకు కావలసినట్టు దీన్ని తయారు చేయించుకున్నాడు. అంటే ఇలాంటిది ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. ఏ కంపెనీ పేరూ లేదు, సర్క్యూట్ కాగితం లేదు. చేసినాయన పోయి చాలా ఏళ్ళయింది.

నేను కూడా గిటారు వాయిస్తాను. చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ పనులు చేసుకోగలను. కానీ ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజుగొట్టాల వాల్వు సెట్టు ఎప్పుడూ విప్పలేదు. దాన్ని ఆటోలో వేసుకుని బస్టాండుకి, అక్కడి నుంచి బస్సులో విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ రాత్రే వెనక చెక్క విప్పాను. భాగాలన్నీ బిగించే లోహపు చాసీ మీద వేలు మందాన దుమ్ము, మూలన బల్లి గుడ్ల పెంకులు, స్పీకరులో కదిలే కాగితపు కోన్‌కి జానెడు చిరుగు. చాసీ తిప్పి చూస్తే లోపలి గోడ మీద పెన్సిల్‌తో 1966 అని, దాని పక్కనే కొన్ని వోల్టేజీలు రాసి ఉన్నాయి. చెమ్మ, వేడి, ఇన్నేళ్ళ కాలం ఏదీ చెరపలేదు ఆ రాతని. వాల్వులు ఐదు: ముందు ఒక ఈఎఫ్86, తర్వాత ఒక ఈసీసీ83, చివర్న స్పీకరుని నడిపే రెండు ఈఎల్84లు, ఏసీ కరెంటుని డీసీగా మార్చే ఈజెడ్81. ఈఎల్84ల మీద బీఈఎల్ ముద్ర. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ అప్పట్లో వాల్వులు తయారు చేసేది. ఇవి కాక చాసీ మీద ఆరో వాల్వుకి సరిపడా గుండ్రటి రంధ్రం ఒకటి ఉంది. దాన్ని చిన్న రేకుముక్కతో, రెండు స్క్రూలతో మూసేశారు. ముందు పానెల్ మీద కూడా ఒక నాబ్ ఉత్తిదే, వెనకాల ఏమీ లేదు. ఎందుకలా వదిలేశాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

వాల్వుల వరస చూడగానే సర్క్యూట్ ఎక్కడిదో మాత్రం తెలిసింది. 1950ల్లో మల్లార్డ్ కంపెనీ 5-10 అనే డిజైన్ విడుదల చేసింది. ఐదు వాల్వులు, పది వాట్లు. రికార్డులు వినడానికి శుభ్రమైన ధ్వని ఇచ్చే ఆంప్లిఫయర్ అది. ఇంట్లో తయారుచేసుకునేవాళ్ళు ప్రపంచమంతటా దాన్నే కట్టుకున్నారు. మన మెకానిక్ దాన్ని గిటారుకి వాడాడు. ఇంగ్లండులో వాక్స్ వాళ్ళ ఏసీ15 గిటారు ఆంప్లిఫయర్‌లో కూడా ఈఎఫ్86, చివర్న రెండు ఈఎల్84లే ఉండేవి. అక్కడా ఇక్కడా ఇవే వాల్వులు కుదిరాయని తెలిసేసరికి ఆ పెట్టె మీద నాకు గౌరవం పెరిగింది.

ప్లగ్గు పెట్టి స్విచ్ వేసి చూద్దామని చేతులు దురద పెట్టాయి. పెట్టలేదు. దానికి కారణం అరండల్‌పేటలో ఉండే ఒక పెద్దాయన. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేశారు. ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "బాబూ, ప్లగ్గు రెండు పిన్నులా, మూడా?"

"రెండే మాస్టారూ."

"అయితే ముట్టుకోకు. మెయిన్స్ వైరు నుంచి చాసీకి ఒక కండెన్సర్ ఉంటుంది చూడు. అది లీకైతే చాసీ మొత్తం కరెంటే. గిటారు తీగలు చాసీకే కలిసి ఉంటాయి. గిటారు పట్టుకుని మైకుకి పెదవి తగిలిస్తే ఇంక చెప్పేదేముంది!"

ఆయన చెప్పినట్టే ఉంది. గోధుమరంగు కండెన్సర్ (కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగం), ఒక కాలు మెయిన్స్‌కి, ఒక కాలు చాసీకి. మొదట కత్తిరించింది అదే. మూడు పిన్నుల కార్డు తెచ్చి, పాత రంధ్రంలోంచే లోపలికి తీసుకుని, ఎర్త్ వైరుని చాసీకి విడిగా ఒక బోల్టుతో బిగించాను. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి కలపకూడదు, అది కాలక్రమాన వదులవుతుంది.

ఫ్యూజు దగ్గర ఇంకో భయంకరమైన సంగతి. పదేళ్ళ కింద మా మావయ్య కొడుకు దీన్ని ఒక షాపుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు బాగుచేయకపోగా, "ఇవన్నీ పీకేసి ఐసీ బోర్డు వేయించుకోండి, బ్లూటూత్ కూడా వస్తుంది" అన్నారట. ఇతను ఒప్పుకోలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఫ్యూజు స్థానంలో మందపాటి రాగి తీగ చుట్టి ఇచ్చారు. ఏదైనా షార్ట్ అయితే ముందు కాలేది పవర్ ట్రాన్స్‌ఫార్మర్. ఇలాంటిది మళ్ళీ చుట్టించాలంటే ఎంత కష్టమో చేసినవాళ్ళకు తెలుసు. ఆ రాగి తీగ చూసినప్పుడు వచ్చినంత కోపం ఈ మొత్తం పనిలో నాకు ఇంకెప్పుడూ రాలేదు.

తర్వాత సిరీస్ బోర్డు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బుని కరెంటు దారిలో అడ్డంగా పెట్టి, దాని ద్వారా ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇవ్వడం. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సామాను బతుకుతుంది. వాల్వులన్నీ తీసేసి స్విచ్ వేశాను. బల్బు ఒక్క క్షణం ఎర్రబడి ఆరిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుందని అర్థం. నా టెన్షన్ సగం అక్కడే తీరిపోయింది.

కండెన్సర్ల సంగతి చెప్పాలి, వాల్వు సెట్టులో మొదట చచ్చేవి అవే. కరెంటుని నునుపు చేసే పెద్ద డబ్బా కండెన్సర్ లోపల ఎండిపోయింది. దాని బదులు 33 మైక్రోఫారడ్ (ఎంత నిలవ ఉంచుతుందో చెప్పే కొలత), 450 వోల్టులవి రెండు పెట్టాను. 100 పెడితే హమ్, అంటే గుయ్యిమనే రొద, ఇంకా తగ్గుతుంది కదా అనిపించింది, కానీ ఈజెడ్81 తర్వాత మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. దాటితే స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ వాల్వు మీద మోయలేనంత భారం పడుతుంది. పాత డబ్బాని తీయలేదు. దాని వైర్లు విప్పేసి, కొత్తవాటిని చాసీ కింద దాచాను. పైనుంచి చూస్తే 1966లో ఎలా ఉందో అలాగే ఉంది.

మైనం పూసిన కాగితపు కండెన్సర్లు ఇంకో బాపతు. చూడ్డానికి చక్కగానే ఉంటాయి. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకి ధ్వనిని మాత్రం పంపి, వోల్టేజీని ఆపడం వాటి పని. ఈఎల్84ని తీసేసి దాని సాకెట్ 2వ పిన్ను దగ్గర మీటరు పెడితే సున్నా చూపించాలి. 3.8 వోల్టులు చూపించింది. అంటే ఆ వాల్వుకి కళ్ళెం వదిలేసినట్టే, ఇష్టమొచ్చినంత కరెంటు లాగి ఎర్రబడి మాడిపోతుంది. గవర్నర్‌పేటలో ఒక కొట్లో 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్లు దొరికాయి. ఉన్న కాగితపువన్నీ మార్చేశాను. కరెంటుని అడ్డుకునే రెసిస్టర్లలో 100 కిలోఓమ్‌లవి కొన్ని 148 దాకా పెరిగిపోయాయి. మరీ దారితప్పినవి మాత్రమే మార్చాను, మిగతావి అలాగే ఉంచాను.

ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. సాకెట్లు శుభ్రం చేద్దామని, వాల్వులకీ స్పీకరుకీ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఈఎల్84లకి వచ్చే రెండు వైర్లు విప్పాను. వాటి రంగులు ఎప్పుడో పోయాయి, రెండూ మట్టిరంగే. గుర్తు పెట్టుకోకుండా మళ్ళీ అంటించేశాను. స్విచ్ వేసి అరనిమిషం ఆగానో లేదో, వాల్వులు వేడెక్కగానే ఇల్లంతా అదిరేలా ఈల. పక్కింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. ప్లగ్గు పీకేశాను. గుండె దడదడలాడింది, ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనే అనుకున్నాను. మాస్టారికి ఫోన్ చేస్తే తాపీగా, "ఆ రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు చెయ్యి" అన్నారు. ఈ సర్క్యూట్‌లో స్పీకరు దగ్గరి ధ్వనిలో కొంత వెనక్కి, మొదటి వాల్వుకి పంపిస్తారు. తప్పుల్ని తగ్గించడానికి అది ఎదురుదిశలో చేరాలి. నేను వైర్లు తారుమారు చేసేసరికి తగ్గించాల్సింది పెంచడం మొదలుపెట్టింది. మార్చగానే నిశ్శబ్దం.

ఆ తొందరలోనే ఇంకో దెబ్బ తిన్నాను. ప్లగ్గు తీశాను కదా అని చెయ్యి లోపల పెట్టాను. కొత్త కండెన్సర్లు నిండుగా ఉన్నాయి. మోచేతి దాకా ఒక్కసారిగా కొట్టింది, వేళ్ళు చాలాసేపు తిమ్మిరిగానే ఉన్నాయి. వాల్వు సెట్టు ముట్టుకోబోయే ప్రతివాళ్ళకీ చెప్పేది ఇదే: ప్లగ్గు తీసినా లోపల 300 వోల్టులు కూర్చునే ఉంటాయి. మర్నాడే 220 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఆ కండెన్సర్లకి అడ్డంగా శాశ్వతంగా అంటించాను. ఇప్పుడు స్విచ్ ఆపితే నిమిషంలో ఖాళీ అవుతాయి. అయినా మీటరు పెట్టి చూడకుండా చెయ్యి పెట్టను.

ఇప్పుడు అసలు సమస్య. పెన్సిల్‌తో రాసిన అంకెల్లో పెద్ద వోల్టేజీ 305 అని ఉంది. నా మీటరు 342 అంటోంది. అంత తేడా ఎందుకొచ్చిందో ఒక పూట ఆలోచించాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద 220 అని రాసి ఉంది. మా ఇంట్లో కరెంటు 242 వోల్టులు వస్తోంది. అందుకే అన్నీ పదోవంతు ఎక్కువ. వాల్వుల్ని వేడిచేసే 6.3 వోల్టులు 6.9 అయ్యాయి. అది వాటి హద్దుకి అంచు. పైగా రెండు ఈఎల్84లలో ఒకటి 46 మిల్లీయాంపులు లాగుతోంది, రెండోది 24 మాత్రమే. లెక్కేస్తే మొదటిదాని మీద దాదాపు 15 వాట్ల వేడి. ఈఎల్84 మోయగలిగేది 12. దీపాలార్పి చూస్తే దాని లోపలి రేకు అతుకు వెంట సన్నటి ఎర్రగీత కనపడింది.

దీనికి మాస్టారు చెప్పిన ఉపాయం నాకు చాలా నచ్చింది. మామూలు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని, దాని 24 వోల్టుల చుట్టని మెయిన్స్‌కి ఎదురుదిశలో వరసగా కలపడం. 242లోంచి ఆ 24 చిల్లర తీసేస్తే దగ్గరదగ్గర 217. చిన్న డబ్బాలో పెట్టి కార్డు మధ్యలో బిగించాను, ఆంప్లిఫయర్‌లో ఏ మార్పూ లేదు. మీటరు పెడితే 306. ఆ పెన్సిల్ అంకెకి ఒక్క వోల్టు తేడా. యాభై ఏళ్ళు దాటాక ఆయన లెక్కా నా లెక్కా ఒకచోట కలిసినట్టనిపించి, మీటరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఈఎల్84ల జత కొత్తది తెప్పించాను, స్లొవేకియాలో జేజే వాళ్ళు ఇప్పటికీ తయారు చేస్తున్నారు. బెంగళూరు నుంచి కొరియర్‌లో వచ్చింది. రెండింటి కాథోడ్‌కి (వాల్వులో వేడెక్కే భాగం) కలిపి ఉన్న 130 ఓమ్‌ల రెసిస్టర్‌ని, కరెంటు తగ్గడానికి 150 చేశాను. ఇప్పుడు ఒక్కోటి 35 మిల్లీయాంపులు, పది వాట్ల వేడి. హాయిగా ఉన్నాయి. బాగున్న పాత బీఈఎల్ వాల్వుని దూదిలో చుట్టి దాచాను.

స్పీకరు 12 అంగుళాలది, 15 ఓమ్‌లు. అప్పటి ఇంగ్లండు పద్ధతి అది. కాయిల్ బాగుంది, మీటరు మీద పన్నెండున్నర చూపించింది. కోన్ మార్పించమని అందరూ అన్నారు. కానీ ధ్వని అంతా ఆ కోన్‌లోనే ఉంటుందని నా నమ్మకం. పల్చటి టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో చిరుగుని రెండువైపులా అతికించి ఒక రోజు ఎండనిచ్చాను. ఇప్పటిదాకా గరగరలేదు.

గిటారు పెట్టి వాయిస్తే శబ్దం వచ్చింది గానీ నీరసంగా, దూరం నుంచి వస్తున్నట్టు. ఈఎఫ్86 లోపల స్క్రీన్ అనే తీగచుట్ట దగ్గర 28 వోల్టులే ఉన్నాయి, అవి చాలవు. అక్కడి ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఒకటిన్నర దాటిపోయింది, పక్కన ఒక చిన్న కండెన్సర్ లీకు, నా కళ్ళు తప్పించుకున్నదొకటి. రెండూ మార్చాక గొంతు తెరుచుకుంది. కానీ వెంటనే ఇంకో జబ్బు బయటపడింది. పెన్సిల్‌తో ఆ వాల్వుని తాకితే స్పీకర్లోంచి ఠంగుమని గంట మోగుతోంది. గట్టిగా వాయిస్తే ప్రతి స్వరం వెనకా ఆ గంట. ఈఎఫ్86కి ఉన్న పేరున్న లోపమే ఇది. పెట్టె కదలికకి లోపలి తీగలు కంపించి మైకులా పనిచేస్తాయి. వాక్స్ వాళ్ళు కూడా దీనితో ఇబ్బందులు పడ్డారు.

వాల్వు మార్చడమే దారి అనుకుని సాకెట్ విప్పాను. అప్పుడు కనపడింది. మిగతా సాకెట్లన్నీ చాసీకి స్క్రూలతో బిగించి ఉన్నాయి. ఈ ఒక్కటీ చాసీని తాకడం లేదు. నాలుగు వైపులా నల్లటి ముక్కల మీద వేలాడుతోంది. వేలితో నొక్కితే ఒక ముక్క పుటుక్కున విరిగి పొడైంది. వాసన చూస్తే రబ్బరు. సైకిలు ట్యూబు! ఆ మెకానిక్‌కి ఈ లోపం ముందే తెలుసు. సైకిలు ట్యూబుని నాలుగు పట్టీలుగా కోసి, సాకెట్‌ని వాటి మీద ఉయ్యాలలా కట్టాడు. వైర్లు కూడా కదలిక అందకుండా చుట్టలు చుట్టి వదులుగా పెట్టాడు. నేను వాటిని చూసి పనితనం లేదనుకుని, రెండు రోజుల ముందే ఒకటి కత్తిరించి పొట్టిగా చేశాను. అది మళ్ళీ పొడుగు చేశాను. మా వీధి చివర సైకిళ్ళకు పంచర్లు వేసే అబ్బాయి దగ్గర పాత ట్యూబు ముక్క తెచ్చి, అవే కొలతలకి కోసి కట్టాను. గంట పోయింది. ఆ రోజు నుంచి దేన్నైనా మార్చే ముందు, ఆయన అలా ఎందుకు పెట్టి ఉంటాడా అని ఒక పూట ఆగి చూశాను.

హమ్ సంగతి త్వరగానే తేలింది. వాల్వుల్ని వేడిచేసే వైర్లని జడలా మెలేసి, 100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టి వాటి మధ్య బిందువుని ఎర్త్ చేశాను. గుయ్యిమనేది పూర్తిగా కాకపోయినా బాగా తగ్గింది.

ధ్వని కోసం నేను కావాలని చేసిన మార్పులు రెండే. మొదటిది, వాల్యూమ్‌ని ఈఎఫ్86 ముందు నుంచి వెనక్కి జరపడం. ముందు ఉంటే గిటారు నుంచి వచ్చే కాస్త ధ్వనినీ నలిపేసి, తర్వాత పెంచినట్టవుతోంది, దాంతో బుస ఎక్కువ. రెండోది, స్పీకరు దగ్గరి ధ్వనిని మొదటి వాల్వుకి వెనక్కి పంపే ఆ వైరుని విప్పేయడం. వాల్యూమ్ జరిపాక అది ఎలాగూ సరిగ్గా పనిచేయదు. రికార్డులకి శుభ్రత కావాలి, గిటారుకి కాస్త గరుకు కావాలి. ఆ వైరుని తీసి పారేయలేదు, చుట్టి చీటీ కట్టి అక్కడే ఉంచాను. కొత్త రంధ్రం ఒక్కటీ వేయలేదు. ఇప్పుడు వాల్యూమ్ పావు వంతు దాకా తీగ తీగా విడిగా వినపడుతుంది. సగం దాటితే ఈఎల్84లు బొంగురుగొంతుతో పాడతాయి. చేతి బరువు తగ్గిస్తే అదే స్వరం మళ్ళీ తేటపడుతుంది.

అరవై ఎనిమిది కిలోఓమ్‌ల రెసిస్టర్ కూడా ఒకటి ఇన్‌పుట్ దగ్గర పెట్టాను, అది మావయ్య మాట వల్ల. అప్పట్లో పందిట్లో పాట మధ్యలో ఈ పెట్టెలోంచి విజయవాడ రేడియో కేంద్రం వార్తలు సన్నగా వినపడేవట. రేడియో తరంగాలు గిటారు వైరు వెంట లోపలికి రాకుండా ఆ రెసిస్టర్ ఆపుతుంది.

మొత్తం ఖర్చు 8 వేల లోపు. నాలుగు నెలలు పట్టింది, ఆదివారాలు మాత్రమే.

పోయిన నెల మావయ్యని కారులో తీసుకొచ్చాను. స్విచ్ వేశాను. ఆయన చెయ్యెత్తి "ఆగు, వేడెక్కనీ" అన్నాడు. వాల్వులు ఎర్రబడేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. గిటారు ఒళ్ళో పెట్టాను. వేళ్ళు వంగడం లేదు, రెండు తీగలే మీటాడు. మీటి, అది పూర్తిగా ఆగిపోయేదాకా తల వంచుకుని విన్నాడు. మళ్ళీ అవే రెండు తీగలు.

అప్పుడు అడిగాను, "మావయ్యా, ఆ రేకుముక్క వేసి మూసిన రంధ్రం, ఈ ఉత్తి నాబూ ఏంటి?"

"ట్రెమొలో కోసం రా. ధ్వని అలల్లా ఊగుతుందే, అది. నేనే అడిగాను. ఇంకో వాల్వు కావాలన్నాడు. ఆ దసరాకి డబ్బులు చాలలేదు. చోటు వదిలిపెడతాను, వచ్చే ఏడాది చేద్దాం అన్నాడు." కాసేపాగి, "తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, గుంటూరు వెళ్ళిపోయాను" అన్నాడు.

ట్రెమొలోకి ఒక ఈసీసీ83 చాలు. మూడు కండెన్సర్లు, మూడు రెసిస్టర్లతో సెకనుకి నాలుగైదు సార్లు ఊగే తరంగం పుట్టించి, దాన్ని ఈఎల్84లకి అందిస్తే సరిపోతుంది. నిన్న రేకుముక్క విప్పాను. కింద రంధ్రం అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది ఉన్నాయి. కొత్త సాకెట్ సరిగ్గా అమరింది.